అద్దాల పెట్టెకి ఇవ్వను

జూన్ 14, ఉదయం

దరువుకి,

వదిన ఆశీస్సులు. నువ్వూ మీ ఆవిడా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమమే. నా కోపం కూడా ఆరోగ్యంగానే ఉంది.

స్మారక సంఘం అధ్యక్షుడిగా నువ్వు పంపిన ఉత్తరం అందింది. పాతికేళ్లు మా పక్కన డ్రమ్ములు వాయించి, వదినా అన్నం పెట్టు అంటూ ఇంట్లోకి దూసుకొచ్చిన మనిషివి, ఇప్పుడు గౌరవనీయులైన శ్రీమతి గారికి అని మొదలుపెడతావా? మీ అన్న బేస్ గిటార్ అద్దాల పెట్టెలో పెడతారట. లోపల దీపం వెలిగిస్తారట. ఫ్రెట్ల మీద ఆయన వేళ్లు చేసిన గాట్లు పవిత్రం కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదట.

ఇవ్వను. పైగా ఆ గాట్లు ఇప్పుడు లేవు.

డ్రమ్ములవాడివి, ఫ్రెట్లంటే నీకు పట్టింపు ఉండదు. గిటార్ మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన ఆ లోహపు కడ్డీలు అరిగిపోతే స్వరం పలకదు. నేను బస్సు కార్మికుల బృందంలో వాయిస్తున్నానని తెలుసుగా. రెండేళ్లుగా ఐదో ఫ్రెట్టు దగ్గర వేలు పెడితే చాలు, లోపల కందిరీగ దూరినట్టు ఒకటే రొద. వచ్చే ఆదివారం సమ్మె సభ. అంతమంది జనానికి కందిరీగని వినిపించమంటావా?

కుట్టుమిషన్ల దుకాణం మేడమీద గిటార్లు బాగుచేసే ఆవిడ ఉంది. తీగలు విప్పి, మెడ మీద ఉక్కు బద్ద నిలబెట్టి, వెనక దీపం పెట్టి, వంగి చూడమంది. బద్ద కిందనుంచి వెలుగు కారుతోంది. చెక్క మధ్యలో ఉబ్బిందట. ఫ్రెట్ల మీద పైపైన ఆకురాయితో గీకితే పోదా అన్నాను. ఎగుడుదిగుడు నేలమీద కుర్చీ కాళ్లు కోసుకుంటూ కూర్చుంటే చివరికి పీట మిగులుతుందమ్మా, ముందు నేల సంగతి చూడాలి అంది. ఆ ఒక్క మాటకి ఆవిణ్ణి మన మహాసభలో ఉపన్యాసానికి నిలబెట్టాలనిపించింది.

పాత ఫ్రెట్లు వేడిచేసి ఒక్కొక్కటే లాగింది. చెక్కంతా పెన్సిలుతో గీతలు గీసి, ఒక్క గీత కూడా మిగలకుండా చెరిగేదాకా గరుకు కాగితం చుట్టిన దిమ్మెతో రుద్దింది. నా బట్టల నిండా నల్లటి పొడి. ఇరవై కొత్త ఫ్రెట్లు సుత్తితో దించి, వాటి తలలకి ఇంకు పూసి, ఆ ఇంకు అన్నిటిమీదా ఒకేలా పోయేవరకు ఆకురాయి ఆడించింది. పాతవి జ్ఞాపకంగా దాచుకుంటారా అని అడిగింది. చెత్తబుట్ట చూపించాను.

తిట్టుకో. కానీ ఒకటి చెప్పు. విగ్రహాలు వద్దని ఊరూరా పాడిన బృందం మనది. ఇప్పుడు అరిగిన లోహం చుట్టూ తాడు కట్టి, జనాన్ని మౌనంగా వరసలో నడిపిస్తారా? పనిచేసే పనిముట్టుకి పింఛను రాసే హక్కు మీ సంఘానికి ఎవరిచ్చారు? ఆ సంఘంలో ఆడవాళ్లెందరని వాకబు చేశాను. టీ కప్పులు కడిగే ఆమెతో కలిపి ఒక్కరు. సమానత్వం మీద మనం కట్టిన పాటలు మీ గోడ మీద మాత్రం చక్కగా రాయించారట.

ఎనిమిదేళ్ల కిందట ఆయన్ని పోగొట్టుకున్నది నేను. నాకు జ్ఞాపకం గురించి పాఠం చెప్పకు.

ఆదివారం సభకి రా. మాకు డ్రమ్ములవాడు లేడు. అధ్యక్షుల కుర్చీ అయితే వెయ్యలేను, స్టూలు వేస్తాను.

ప్రేమ తగ్గకుండా కోప్పడుతున్న
మీ వదిన

తా.క.: ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తూ మీ అన్న ఎడమచేతి రెండు వేళ్లకి స్పర్శ పోయింది, తర్వాత నయమైందని అందరికీ చెప్పాం. నయం కాలేదు. వేదిక మీద తేలికవి వాయించి నెట్టుకొచ్చేవాడు. నీ డ్రమ్ములు ముందురోజే రికార్డు చేసి నిన్ను పంపించేసిన ఆ రెండు క్యాసెట్లలోనూ బేస్ నాదే. ఆయన పోయేదాకా పదమూడేళ్లు ఆ గిటార్ మీద వంటింట్లో రోజూ సాధన చేసిందీ నేనే. తన బదులు నన్ను వాయించనివ్వమని ఆయన ఒకసారి మన బృందం కార్యవర్గాన్ని అడిగాడు. వదిన కోరస్‌లోనే బాగుంటుందని చెయ్యెత్తినవాళ్లలో నువ్వూ ఉన్నావు. మీరు దీపం పెట్టి చూపించాలనుకున్న గాట్లు నావి. నావి కాబట్టే ఎవరినీ అడగకుండా చెరిపించుకున్నాను.