ఎర్ర తొడుగు

నెరిడా,

నేనే, మీ మావయ్యను, రాస్తున్నాను. నా రాత అధ్వాన్నం, ఓపిగ్గా చదువు.

శనివారం గాల్లో నా విమానం ఇంజను ఆగింది నువ్వు శుభ్రం చేసిన కార్బురేటర్ వల్ల కాదు. కందిరీగలు మట్టి పెట్టకుండా పెట్రోలు ట్యాంకు గాలిగొట్టానికి నువ్వు ఎర్రగుడ్డ తొడుగు కుట్టావే, అది తియ్యకుండానే ఎగిరాను. గాలాడక పెట్రోలు దిగలేదు.

ఎగిరే ముందు "ఒక్కసారి చుట్టూ తిరిగి చూడు మావయ్యా" అన్నావు. "నా చేత్తో కట్టిన విమానం గురించి నాకే చెప్తావా పిల్లా?" అని కసిరాను.

గోధుమ చేలో దిగాక, ఎవరూ రాకముందే తొడుగు పీకి జేబులో దాచాను. విమానాల షెడ్డులో తోటి పైలట్ క్లైవ్ "ఆడపిల్ల చేతికి ఇంజనిస్తే ఇంతేగా ముసలోడా!" అంటే అందరితోపాటు నేనూ నవ్వాను. నువ్వు పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయావు.

ఇవాళ ఆ తొడుగును షెడ్డు తలుపుకి మేకేసి కొట్టి, అందరికీ జరిగింది చెప్పాను. ఈసారి ఎవడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇప్పుడు గొట్టం బోసిగా ఉంది. కందిరీగలు అప్పుడే మట్టి మోస్తున్నాయి. ఇంకొకటి కుట్టుకుని రా. నువ్వు చుట్టూ తిరిగి చూసి సరేననేదాకా ఇంజను ముట్టను.

మీ అమ్మకు అన్నను, నీకు మొహం చూపించలేని మావయ్యను.