దవడ పంటికి తొడుగు

కొత్తకోట,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు నిరంజన్‌కు, అక్క ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. బెంగళూరులో నువ్వూ, మరదలూ, మీ పాప నిరోషా బాగున్నారని తలుస్తాను. తలవడమే, ఎందుకంటే నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. ఫోన్లో మాట్లాడితే గొడవవుతుందని ఉత్తరం రాశానన్నావు. మంచిదే. నేనూ ఉత్తరంలోనే జవాబిస్తాను, మధ్యలో పెట్టేయలేవు.

నువ్వడిగినవి రెండే. మొదటిది, నా పన్ను ఎలా ఉందని. అది మరదలు చెప్పి రాయించిందని నాకు తెలుసు, అయినా చెబుతాను. వేయించిన పల్లీల్లో రాయి తగిలి కింది దవడ పన్ను పగిలింది. వనపర్తిలో ఉమ డాక్టరమ్మ నరం తీసి మందు నింపింది. "ఇగ పన్నుల జీవం లేదు స్వరూపమ్మా. తొడుగు పెట్టకుంటె ఎండిన కట్టె లెక్క చీలుతది" అంది.

తొడుగుల్లో ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. బల్ల మీద పెట్టి చూపించింది. ఒకటి ఉత్త లోహం, గట్టిదే గాని స్టీలు గిన్నెలా మెరుస్తుంది. ఇంకోదానికి లోపల లోహం, పైన పంటి రంగు పింగాణీ. చూడముచ్చటగా ఉంది, కానీ గట్టివి కొరికితే పైన పింగాణీ పెచ్చు ఊడొచ్చట. మూడోది జిర్కోనియా, తెల్లగానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. మీ బావ దాన్నే తీసుకొమ్మన్నాడు. "అంగన్‌వాడీ టీచర్‌వు. స్టీలు పన్ను జూస్తె గా పోరగాళ్లు బువ్వ తినరు" అని ఎగతాళి చేశాడు. సరేనని పంటి అచ్చు ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం. రెండో ప్రశ్న అందులోనే ఉంది. "అమ్మ కమ్మలు నీతాన్నే ఉన్నయంట గద, నిరోషకు పెడ్తం, పంపియ్యి" అని. చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత కడుపు మండింది.

అమ్మ పోయిన రోజు గుర్తుందా? పాడె ఎత్తే ముందు నోట్లో తులసినీళ్లు పోసి ఇంత బంగారం పెట్టడం మన ఆచారం. అది కొడుకు చేతి పని. నాగన్న పెదనాన్న అందరి ముందూ నిన్నే అడిగాడు.

"నిరంజనూ, అమ్మ నోట్లె జర బంగారం పెట్టు బిడ్డా. పూసంతైనా సాలు."

"నాతాన ఏముంది పెద్దనాయినా, ఉన్నపళాన బస్సెక్కి వచ్చిన" అన్నావు. అంటూనే ఉంగరం ఉన్న చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నావు. నేను చూశాను. పక్కింటి పెంటమ్మా చూసింది. చివరికి నా పుస్తెలతాడులోంచి ఒక బంగారు గుండు తెంపి నేనే పెట్టాను. కొడుకుండగా ఆడపిల్ల పెట్టిందని వాకిట్లో గుసగుసలాడారు. నువ్వు మాత్రం జేబులోంచి చెయ్యి తీయలేదు.

ఇన్నాళ్లూ దాచిన మాట చెబుతాను. దవాఖానలో అమ్మే కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. నాకోసం కాదు. "గివి నిరంజన్‌కియ్యి బిడ్డా, వాడు పిల్లలు గల్లోడు" అంది. మంచంలో ఎత్తిపోసింది నేను, గొంతులో నీళ్లు పోసింది నేను. పేరు మాత్రం నీది. పిల్లలు లేనిదానికి చెవులు కూడా ఉండవనుకుంది కాబోలు. అయినా అమ్మ మాట కదా, నీకే ఇవ్వాలని దాచాను. నువ్వు అమ్మ పోయిన సాయంత్రం బస్సుకే వెళ్లిపోయావు. దినాలకు వస్తే చేతిలో పెడదామనుకున్నాను. దినాలకు ఫోన్ చేశావు.

నీ ఉత్తరం చదివిన మర్నాడే వనపర్తి పోయి కమ్మలు డాక్టరమ్మ ముందు పెట్టాను. "తెల్లది వద్దు. వీటితోని చేపియ్యి" అన్నాను.

"బంగారం తొడుగు ఇప్పుడెవ్వరు అడుగుతలేరమ్మా. మంచిదే, ఎదురు పన్ను అరగది. ల్యాబోళ్లు ఇంకో లోహం కలిపి పోస్తరు. మల్ల కమ్మలు కావాలంటె మాత్రం రావు. ఆలోచించుకో" అంది. ఆలోచించుకునే వచ్చానని చెప్పాను.

మొన్న తొడుగు బిగించారు. వెనక దవడ కాబట్టి నవ్వినా కనబడదు, నాలుకకు మాత్రం తెలుస్తుంది. తగిలినప్పుడల్లా అమ్మ మీద కోపమొస్తుంది, వెంటనే ఏడుపొస్తుంది. కమ్మల్లోని ఎర్రరాళ్లు ఈ కవరులోనే పెట్టాను. నిరోషకు ఇవ్వు. అమ్మ మాట అంతవరకు నిలబెట్టాను.

మీ బావ నాకంటే ముందే పోతే, నేను పోయిన రోజు వాకిట్లో అందరూ నీ వైపే చూస్తారు. భయపడకు. నా నోట్లో బంగారం నేనే పెట్టుకున్నాను. నువ్వు జేబులోంచి చెయ్యి తీసి, ఇన్ని తులసినీళ్లు పోసిపో.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
స్వరూప