కారు నడుస్తున్నదని ఫిర్యాదు

పాత వాహనాల క్రయవిక్రయాలను పర్యవేక్షించే అధికారులకు, అట్టివారు లేని పక్షంలో అట్టివారిని నియమించవలసిన అధికారులకు, వారూ లేని పక్షంలో ఈ కాగితం ఎవరి బల్ల మీదికి చేరితే వారికి,

సవినయంగా విన్నవించుకొనేది ఏమనగా: నమ్మి కొన్నవాడిని నట్టేట ముంచిన వ్యాపారులు లోకంలో కొల్లలు. కాని నట్టేట ముంచుతానని మాట ఇచ్చి, సొమ్ము పుచ్చుకొని, ఆపైన భద్రంగా ఒడ్డుకు చేర్చిన వ్యాపారిని నేను ఇప్పుడే చూస్తున్నాను. ఆయనకూ నాకూ నడిచే ఉత్తరాలను ఎప్పటికప్పుడు ఇందుతో జతపరుస్తాను. తమరెవరో తేలిన వెంటనే చిరునామా పూరించి పంపుతాను.

---

పాత కార్ల దుకాణం యజమాని గారికి,

నమస్కారం. నేను విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా పనిచేసి విశ్రాంతి పొందవలసినవాడిని. "పొందినవాడిని" అని రాయలేకపోవడానికి తమరే కారణం.

పూర్వాపరాలు మనవి చేస్తాను. నాకు ఇదివరకు ఒక చిన్న కారుండేది. మా బంధువర్గంలో నడిచే కారున్నవాడు మనిషి కాడు, రవాణా సౌకర్యం. నా ఉద్యోగకాలపు ఆదివారాలన్నీ స్టేషన్లకూ, ఆసుపత్రులకూ, ఎవరో ఎవరినో చూడాలనుకున్న చోట్లకూ ధారపోశాను. పదవీ విరమణ కాగానే ఆ కారును అమ్మేశాను. ఆదివారంనాడు వరండాలో పడక్కుర్చీ వాల్చుకొని, ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోకుండా పడి ఉండటం నా జీవితాశయం. అయితే నా భార్య, "ఇంటి ముందు కారు లేకపోతే మా చెల్లెలి దగ్గర తలెత్తుకోలేనండీ" అన్నది. కనుక ఇంటి ముందు ఉండవలసినదీ, అక్కడినుంచి కదలకూడనిదీ అయిన కారు అవసరమైంది.

తమ దుకాణంలో చివరి వరుసలో ఆ నల్ల సెడాన్ కనిపించింది. వయసులో ఉన్నప్పుడు అది పందెపు గుర్రమట. ఇప్పుడు దాని మీటరులోని కిలోమీటర్లు చూస్తే చందమామను దాటి ముందుకు పోయినట్టుంది. సీట్ల తోలు చిట్లింది. తలుపు తీస్తే మాడిన ఆయిలు వాసన. కొత్తలో ఒక ఇంటి ఖరీదు పలికిన బండి ఆ ఇంటి గేటు ఖరీదుకు దిగింది. మా సందు మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మళ్ళీ మెల్లగా దించి, "సార్, ఇది కొంటే నన్ను జీతమిచ్చి పెట్టుకున్నట్టే. నెల తిరక్కుండా మూలపడుతుంది" అన్నాడు. తమరు సైతం, "వద్దు సార్, మీ వయసుకు ఇది తగదు, నడిరోడ్డున నిలబెట్టేస్తుంది" అని సాక్షుల ఎదుట హామీ ఇచ్చారు. ఆ హామీ విన్న మరుక్షణమే బయానా ఇచ్చాను.

ఇక ఫిర్యాదు. కారు తాళం తిప్పగానే స్టార్టవుతున్నది. కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగవంటారు. ఆ కోవలో తమ కారును కూడా చేర్చవలసి ఉన్నది. మా అత్తగారు మా ఇంట్లోనే ఉంటారు. మోకాళ్ళ నొప్పుల వల్ల చాలాకాలంగా గుమ్మం దాటలేదు. కదలని కారే కదా, కాసేపు కూర్చోబెట్టి సరదా తీరుద్దామని మొన్న ఆదివారం ముందు సీట్లో కూర్చోబెట్టాము. అది కదిలింది. ఊరి బయటి పెద్ద రోడ్డెక్కింది. అక్కడ అత్తగారు, "అల్లుడుగారూ, ఆ లారీవాడు మనల్ని దాటిపోతున్నాడు. చూస్తూ ఊరుకుంటారా?" అన్నారు.

కావున, అమ్మినప్పుడు ఇచ్చిన మాట ప్రకారం కారు చెడిపోయే ఏర్పాటు వెంటనే చేయవలసినదిగా కోరుతున్నాను.

ఇట్లు,
వంచితుడైన కొనుగోలుదారు

తా.క.: లారీని దాటాము. ఆ సంగతి ఫిర్యాదుకు సంబంధించినది కాదు.

---

మహాగౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి,

తమ దుకాణదారు చేతులు జోడించి రాసుకొనేది. తమ ఉత్తరం అందింది. సిగ్గుతో తల వాల్చుకొని చదివాను.

చదువులేనివాడికి కోపం వస్తే తిడతాడు, దులిపేసుకుంటాము. తమవంటివారికి కోపం వస్తే పొగుడుతారు. "తాళం తిప్పగానే స్టార్టవుతున్నది" అని తమరు రాసిన చోట నాకు చెప్పుతో కొట్టినట్టయింది. తాళం ఎన్నిసార్లు తిప్పి ఉంటారో, ఆదివారాలు ఎంత దూరం తోసి ఉంటారో ఊహించుకోగలను. పెద్దావిడను కూర్చోబెట్టుకొని వెళితే లారీ కూడా దాటిపోయిందంటే, నా వ్యాపారం ఉండి ఏం లాభం?

మా పెద్ద మెకానిక్‌ను పంపుతున్నాను. ప్లగ్గులు, క్లచ్ ప్లేటు మార్చి, ఇంజన్ ఆయిలు కొత్తది పోసి వస్తాడు. తమరు ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదు.

ఇట్లు,
తలదించుకున్న తమ విధేయుడు

తా.క.: "చెడిపోయే ఏర్పాటు" అన్న చమత్కారం మా దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. ఒకరు ఏడ్చారు.

---

దుకాణం యజమాని గారికి,

తమ మెకానిక్ నేను క్షవరానికి వెళ్ళిన సమయం చూసి వచ్చాడు. నా భార్య తాళాలిచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంతకు ముందు గేరు మార్చాలంటే భుజం పట్టేసేది. నొప్పి పేరు చెప్పి ఒక ప్రయాణమైనా తప్పించుకొనే ఆశ ఉండేది. ఇప్పుడు గేరు వెన్నలోకి వేలు దిగినట్టు దిగుతున్నది.

పర్యవసానాలు చూడండి. మా తోడల్లుడికి కొత్త కారుంది. అయినా తన కారుకు దుమ్ము పడుతుందని, "అన్నయ్యగారూ, మీ బండి పికప్పే వేరు! మీరు తొక్కితే గంటలో నది అవతల ఉంటాం" అంటూ కుటుంబ సమేతంగా దిగబడ్డాడు. వెనక సీట్లో నిద్రపోయాడు. నిద్రలో కూడా, "స్పీడు తగ్గిందేంటి?" అని అడిగాడు.

తమ అపార్థాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. నా ఉత్తరంలో ఎత్తిపొడుపు లేదు. చమత్కారం అసలే లేదు. పరీక్షల విభాగంలో చమత్కారంగా రాసినవాడికి మెమో ఇస్తారు. స్పష్టంగా రాస్తున్నాను: కారు చెడిపోవాలి. చెడిపోవాలంటే చెడిపోవాలనే అర్థం.

ఇట్లు,
పడక్కుర్చీకి నోచుకోని కొనుగోలుదారు

తా.క.: గేరు రాడ్ పక్కన ఉన్న మీట ఏమిటని మా అత్తగారు అడిగారు. తెలియదన్నాను. ఆవిడ నొక్కి చూశారు. అందరం క్షేమం.

---

పూజ్యులైన సూపరింటెండెంటు గారికి,

తమరు శపించారు. "కారు చెడిపోవాలి" అని ఎంత విసిగిపోతే రాస్తారు! మా నాన్న కూడా ఈ వ్యాపారమే చేశాడు. "తిట్టినవాడి దగ్గరికి మనిషిని పంపు, శపించినవాడి దగ్గరికి నువ్వే వెళ్ళు" అనేవాడు.

అందుకని నేనే వచ్చి కారు తీసుకొచ్చాను. తమరు వరండాలో కాసేపు కునుకు తీస్తున్నారు, లేపడం పాపమనిపించింది. ఇంజను విప్పించి టైమింగ్ చెయిన్ మార్పించాను. ఈ రకం బండ్లకు ముసలితనంలో ప్రాణం తీసేది అదే. షాకబ్జార్లు, బ్రేకులు కొత్తవి వేయించాను. ఇక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు.

ఇట్లు,
తమ శాపభయం గల విధేయుడు

తా.క.: ఆ మీట స్పోర్ట్ మోడ్‌ది, నొక్కితే బండి పందెంలో లాగా దూకుతుంది. ఆ రోజు అది పూర్తిగా పని చేయలేదు, తమరు అదృష్టవంతులు. ఇప్పుడు చేస్తుంది.

---

యజమానికి,

"గారు" ఉద్దేశపూర్వకంగా తీసివేయడమైనది.

పదేళ్ళా? నేను తమకు చేసిన ద్రోహమేమిటి? నాకు ఈ భూమ్మీద మిగిలిన ఆదివారాలన్నింటినీ తమరు కట్టగట్టి మా అత్తగారి చేతిలో పెట్టారు. ఆవిడ నల్ల కళ్ళద్దాలు కొనుక్కున్నారు. నాకంటే ముందు తయారై, ముందు సీట్లో కూర్చొని, "అల్లుడుగారూ, ఇంజను వేడెక్కనివ్వండి, అప్పుడే తొక్కకండి" అని నాకే పాఠం చెబుతున్నారు. మలుపు దగ్గర బ్రేకు వేస్తే నిట్టూరుస్తున్నారు. "ఏమండీ, అమ్మ ఇవాళ చేతికర్ర లేకుండా మెట్లు దిగింది" అని నా భార్య మురిసిపోతున్నది. అది వైద్య విషయం. వాహన విషయంతో కలపరాదు.

ఇదే తుది నోటీసు. ఈ ఆదివారం లోగా తమరు చెడగొట్టని పక్షంలో నేనే పెట్రోలు ట్యాంకులో చక్కెర పోస్తాను. పూర్తి స్పృహతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా.

ఇట్లు,
చక్కెర కొన్న కొనుగోలుదారు

తా.క.: చక్కెర ఎంత పోయాలో రాయగలరు.

---

సార్,

చక్కెర పోయకండి. ఈ ఉత్తరం తెచ్చినవాడిని జవాబు తీసుకొనే దాకా కదలొద్దన్నాను.

తమ మొదటి ఉత్తరం నాకు మొదటిసారే అర్థమైంది. పాత కార్లు అమ్ముకొని బతికేవాడికి, కారు చెడిపోవాలని కోరుకొనేవాడి గొంతు తెలియదా? కాని ఆ ఉత్తరం నాకు అందకముందే మీ అత్తగారు మా దుకాణానికి వచ్చారు. బాడుగ బండి దిగి, గోడ పట్టుకొని నడుచుకుంటూ వచ్చారు. తమరు ఉత్తరాలు రాస్తూ వరండాలో గట్టిగా చదువుకుంటారట. లోపల మంచం మీద ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుందట.

"బాబూ, మా అల్లుడు నీకు ఉత్తరం రాస్తున్నాడు. మనిషి మంచివాడే, కలానికే కోపమెక్కువ. ఆయన చెడగొట్టమని రాసినప్పుడల్లా నువ్వు బాగుచేసెయ్యి. ఖర్చు నాది" అన్నారు. ఎందుకమ్మా అని అడిగాను. "మోకాళ్ళు పోయాక నాకు లోకమంటే మంచం పక్క కిటికీయే. అందులోంచి వీధిలో వాళ్ళందరూ నన్ను దాటిపోతుంటే చూస్తూ పడుకున్నాను. ఈ బండిలో కూచుంటే నేను దాటిపోతున్నాను" అన్నారు.

మరి ఆ మాట అల్లుడుగారికే చెప్పొచ్చు కదా అన్నాను. "అయ్యో, చెప్పకు! జాలిపడితే మెల్లగా నడుపుతాడు. కోపంలో ఉంటేనే బాగా తొక్కుతాడు" అన్నారు.

ఇప్పుడు తమకు చెప్పేసి ఆవిడకిచ్చిన మాట తప్పాను. ఆవిడ ముందు నా పరువు తమ చేతిలో ఉంది.

ఇట్లు,
అన్నీ అర్థమైన తమ విధేయుడు

తా.క.: చక్కెర ఎంత పోసినా ఆ ఇంజను తట్టుకుంటుందేమో. మేము అంత బాగా చేశాము.

---

దుకాణం యజమాని గారికి,

తమ ఉత్తరం అందినది. ఇది నేను గట్టిగా చదువుకోకుండా రాస్తున్న మొదటి ఉత్తరం. అందుచేత వాక్యనిర్మాణంలో లోపాలుంటే మన్నించగలరు.

తమరు నన్ను మోసగించారు. నా భార్య తాళాలిచ్చి మోసగించింది. మంచం మీద ఉన్న మనిషి నన్ను మోసగించడానికి మంచం దిగి వెళ్ళారు. ఇంతమంది కలిసి ఒక విశ్రాంత ఉద్యోగిని కూడా విశ్రమించనీయకపోవడం ఏ నియమావళిలో ఉన్నదో తెలియజేయగలరు. నా ఆగ్రహం యథాతథంగా ఉన్నది. ఉండవలసిన అవసరం కూడా ఏర్పడినది కనుక, నిర్వహణ నిమిత్తం ఈ క్రింది పద్ధతిని సూచిస్తున్నాను.

నేను ప్రతి వారం తమకు కోపంగా ఒక ఉత్తరం రాసి వరండాలో గట్టిగా చదువుతాను. తమరు యథాప్రకారం అపార్థం చేసుకోగలరు. తమ జవాబులను కూడా గట్టిగా చదువుతాను కనుక అవి మునుపటి కంటే తక్కువ వినయంతో ఉండరాదు. ఆవిడకు అనుమానం వస్తుంది.

నిన్న తడిరోడ్డు మలుపులో కారు వెనక భాగం పక్కకు జారింది. నా గుండె జారింది. మా అత్తగారు మాత్రం చప్పట్లు కొట్టి, "మళ్ళీ!" అన్నారు. దిగి చూస్తే వెనక టైర్లు నున్నగా, నా తలతో పోటీపడుతున్నాయి. ఇంజనుకు ఇంత సేవ చేసినవారు, పెద్దావిడను కూర్చోబెట్టుకొని తిరిగే బండికి టైర్లు చూడకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. దీన్ని నిజమైన కోపంగా పరిగణించగలరు.

ఇట్లు,
వాహన చోదకుడు

తా.క.: కోరిక సంఖ్య ఒకటి. నాలుగు కొత్త టైర్లు, తడిరోడ్డు మీద పట్టు వదలని రకం, ఆదివారం తెల్లవారే లోగా బిగించవలెను. ఖర్చు ఆవిడది కాదు, నాది. ఈ సంగతి ఆవిడకు తెలియరాదు.