జోగారావు నాకు చెప్పని కథ

సీబ్, మస్కట్ దగ్గర,
శుక్రవారం

చిరంజీవి తమ్ముడు జోగారావుకి, అక్క శేషుకుమారి దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. విమానంలో చల్లగాలి కొడుతుంది, చెవుల్లో దూది పెట్టుకో. నాది అయిదో క్లాసు చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోనులో ఫోటో తీసి పంపుతానని మనవరాలు మనస్విని అంది గానీ, ఈ సంగతి అది చదవకూడదు. పక్కింటి రుబీనా హైదరాబాదు వెళుతుంటే కవరు అంటించి ఇస్తున్నాను. అంటిందో లేదోనని రెండుసార్లు జిగురు రాశాను.

వచ్చే శుక్రవారం మస్కట్లో మనవాళ్ళు నీకు సన్మానం చేస్తున్నారని అల్లుడు చెప్పాడు. నలభై ఏళ్ళ సినిమాల్లోంచి ముక్కలు తెర మీద వేస్తారట. పురాణం తీశాడు, హత్య కథ తీశాడు, ఏడిపించాడు, నవ్వించాడు, ఏది తీసినా అందులో చెయ్యి తిరిగినవాడే అనిపించాడు అని సంఘంవాళ్ళు ఇంటికొచ్చి మరీ పొగిడారు. అక్కగారు కూడా వేదిక మీదికి రావాలన్నారు. తల ఊపాను. కానీ నేను రాను. ఎందుకో నీకొక్కడికే చెబుతున్నాను.

ఏ కథైనా నిర్మాతకి చెప్పేముందు మద్రాసు నుంచి రైలెక్కి కాకినాడ వచ్చి నాకు చెప్పేవాడివి. నేను పప్పు రుబ్బుతుంటే పీట వేసుకుని కూర్చునేవాడివి. రాక్షసుడి కథ చెప్పినప్పుడు, వాడు చచ్చిన సంగతి వాడి తల్లికి ఎవరు చెప్పార్రా అని అడిగాను. ఆ తల్లికి ఒక సీను రాశావు. జనం అక్కడే ఏడ్చారు. హత్య కథ చెబితే, పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాయన్నావే, పొయ్యి ఎవరు ఆర్పారు అన్నాను. హంతకుడు అక్కడే దొరికాడు. నువ్వు దిగులు పడ్డచోటే సినిమా ఉందక్కా అనేవాడివి. నాకు ఆ మాటే పెద్ద సన్మానంగా ఉండేది.

ఒక్క కథ మాత్రం చెప్పలేదు, ఆ నవ్వుల సినిమా. పద్దెనిమిదేళ్ళ కిందట మీ బావగారూ నేనూ హాల్లోనే చూశాం. తెర మీద గాభరా అత్తయ్య అని ఒకావిడ, నా చీరలాంటి చీరే కట్టి, నా మాటలే అంటూ తాళం మూడుసార్లు లాగి చూసింది. బస్సెక్కి, గ్యాసు కట్టేశానో లేదో అని దిగి ఇంటికి పరిగెత్తింది. హాలంతా పొట్టలు పట్టుకుంది. మీ బావగారు నన్ను మోచేత్తో పొడిచి, “అచ్చం నువ్వే” అన్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఆ మాట మాత్రం పోలేదు. నా భయాన్ని నాకు చెప్పకుండా పట్టుకుపోయి పదిమందిలో నవ్వులపాలు చేశావు కదరా. ఆ తరవాత నువ్వు కథ పట్టుకొచ్చినప్పుడల్లా తలనొప్పి అన్నాను. చూపు ఆనడం లేదని నీ సినిమాలు మానేశాను. చూపు బాగానే ఉంది.

హాల్లో నా కోసం వెతక్కు. ఒంట్లో బాగాలేదని చెబుతాను. నీ మీద కోపం లేదు అని రాయబోయాను. ఉంది. ఇక్కడ ఎండ ఎక్కువ, బయట తిరక్కు.

నీ అక్క
శేషుకుమారి


సీబ్,
గురువారం

నా తండ్రీ, జోగులూ,

ఈ ఉత్తరం సాయంత్రం అల్లుడు నీ హోటలుకి తెచ్చిస్తాడు. ఎదురుగా చెప్పలేనివి రాస్తున్నాను.

పొద్దున నువ్వు విమానం దిగి నేరుగా పెట్టెతో, నా ఉత్తరంతో మా గుమ్మంలో నిలబడితే లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయాను. ఇంట్లో ఎవరూ లేరు. క్షమించమంటావేమో, ఏం చెప్పాలా అని కంగారు పడుతూ కాఫీ కలిపాను. నువ్వు క్షమించమనలేదు.

“ఆ అత్తయ్య నువ్వు కాదక్కా, నేను” అన్నావు.

నేను నమ్మలేదు. మరి నా చీర, నా మాటలు ఎందుకురా అని అడిగాను.

“డైరెక్టరుకి అంత పిరికితనమంటే ఎవరు నమ్ముతారు? అందుకని నీ చీర అప్పు తెచ్చుకున్నాను.”

ఎడిటింగు గది తాళం మూడుసార్లు లాగేది నువ్వట. ప్రతి సినిమాకీ మొదటిరోజు వాంతి చేసుకుని గానీ సెట్లో అడుగు పెట్టలేదట. ఒకరకం సినిమా ఆడితే, మళ్ళీ అదే తీస్తే ఈసారి దొరికిపోతానని వణుకట. అలా పురాణం నుంచి హత్యకి, హత్య నుంచి హాస్యానికి పారిపోయానని, దాన్నే వీళ్ళు ప్రతిభ అంటున్నారని నవ్వావు.

మరి నాకెందుకు చెప్పలేదంటే, “చెబితే నువ్వు కథ గురించి కాదు, నా గురించి దిగులు పడతావని” అన్నావు.

నువ్వు వెళ్ళినప్పటి నుంచి అదే పని చేస్తున్నాను. అమ్మ పోయేనాటికి నీకు నాలుగేళ్ళు. నువ్వు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే వీధిలో నిలబడి ఏడ్చేదాన్ని. నువ్వు నన్ను చూసి ఏడ్చేవాడివి. నీకు అన్నంతోపాటు భయం కూడా పెట్టి పెంచాను. ఆ పిల్లాడు అంత భయంతో నలభై ఏళ్ళు నెట్టుకొస్తే, నేను నా అవమానానికి కాపలా కాస్తూ ఇన్నేళ్ళు కూర్చున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

రేపు వస్తాను. నన్ను మాట్లాడమని మాత్రం సంఘంవాళ్ళని అడగనివ్వకు. ఆ అత్తయ్య ముక్క వేస్తే జనం నవ్వుతారు, నవ్వనీ. నువ్వు మైకు పట్టుకున్నప్పుడు కాళ్ళు వణికితే జనం వైపు చూడకు, నా వైపు చూడు. నేనూ వణుకుతూనే ఉంటాను. ఒక్కడివే అనిపించదు.

నీ అక్క
శేషుకుమారి