అక్క పాఠాలు, రెండింతల వేగం

అక్కా,

నీకు చదవడం రాని బ్రెయిలీలో ఈ ఉత్తరం రాస్తున్నందుకు, నువ్వున్న లోకపు పెద్దలందరి సమక్షంలో సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎల్లుండి నా బి.ఏ. చరిత్ర పరీక్ష. పోయినేడు రాయలేకపోయాను. ఈసారి రాస్తాను, పాసవుతాను. నేను చెబుతుంటే రాసిపెట్టే మనిషిని కూడా కుదుర్చుకున్నాను.

టికియాపారా రైల్వే క్వార్టర్లో కూర్చుని నువ్వు నాకోసం చదివి నింపిన క్యాసెట్లన్నీ బావ ఒక చిన్న ప్లేయర్లోకి ఎక్కించాడు. కళ్లు లేనివాళ్ల కోసం చేసిన ప్రోగ్రాం కూడా అందులో వేయించాడు. ఏ బటన్ నొక్కినా ఎక్కడున్నానో గట్టిగా చెబుతుంది. అచ్చం నీలాగే, అడగకపోయినా చెబుతుంది.

"స్పీడు రెండింతలు పెట్టీరా, రేపటికల్లా పాఠాలన్నీ అయిపోతాయి," అన్నాడు బావ. "మజ్జిలో మీ అక్క చేపలోడితో ఆడిన గొడవుంది. కోసీమంటావేటి?"

"ఉంచీ బావా. పరీక్షలో అడిగితే?"

బావ నవ్వాడు. గొడవ మాత్రం కోయలేదు.

సాయంత్రం ఎంతవరకు విన్నావని అడిగాడు. స్పీడు పెంచి దాదాపు అన్నీ వినేశానన్నాను. నిజానికి సగం మిగిలే ఉన్నాయి. ఈ రెండు రోజులూ నిద్ర మానేసైనా పూర్తిచేస్తాను.

వేగం పెంచిన మాట నిజమే. నువ్వు ఎవరో తెలియనావిడలా గబగబా చదువుకుపోయావు. ఆ తర్వాత నేను చేసిందల్లా ఒక్కటే. నీ గొంతు మళ్లీ నీదయ్యేదాకా వేగం తగ్గించుకుంటూ వచ్చాను.