మారెమ్మ ముందర మన ఇంటి తప్పెట

తమ్ముడు జయచంద్రకు,

ప్రభువు నిన్ను కాపాడుగాక. నాయనకు, నాకు ఒంట్లో బాగానే ఉంది. బెంగళూరులో నీ పని సాగుతున్నదని తలుస్తాను.

పోయిన బుధవారం పొద్దున అన్ని రోజుల్లాగే ఉంది. ప్రార్థన ముగించి పొయ్యి వెలిగించాను. కానుపుకు వచ్చిన మన చెల్లి కృప గడప మీద కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఒలిచిన వాటిలో సగం దాని నోట్లోకే.

"ఇత్తనాలన్నీ నువ్వే మింగితే భూమిలో ఏమెయ్యాలమ్మే?" అన్నాడు నాయన.

"నేను కాదు నాయనా, నీ మనవడు తింటాండాడు," అంది. దాని పెనిమిటి జాకబ్ కూడా నవ్వాడు.

నాయన మళ్ళీ తప్పెట పట్టాడా అని నీ ఉత్తరంలో అడిగావు. లేదు. నువ్వు చెప్పినట్టే, ఇకమీదట జాతరకు కొట్టనని ఊరి పెద్ద శ్రీరంగప్పతో చెప్పేశాడు. మన తప్పెట ముందు నడవనిదే మారెమ్మ గుడి దాటదు కదా.

"అమ్మవారిని గుళ్ళోనే కూర్చోబెడ్తావా ఆదెప్పా? అయితే మీరూ ఇండ్లల్లోనే కూర్చోండి," అన్నాడాయన.

ఊరివాళ్ళు ఏమన్నారని అడిగావు. ఎవరూ ఏమీ అనలేదు. మన వాళ్ళను కూలికి పిలవడం మానేశారు. అంగట్లో ఉప్పు కూడా లేదంటారు.

కృప కానుపు సంగతి మళ్ళీ మళ్ళీ అడిగావు. అది చెప్పలేకే నీ ఫోన్ ఎత్తలేదు తమ్ముడూ.

ఆ బుధవారం కాయలు ఒలుస్తూనే నొప్పులన్నది. నెత్తురు పోతోంది. అంబులెన్స్ దూరాన ఉందన్నారు. రచ్చకట్ట దగ్గర గంగప్ప ఆటో ఉంటే పరుగెత్తాను.

"మిమ్మల్ని ఎక్కించుకుంటే నా ఆటోను ఊర్లో తిరగనీరక్కా. నాకూ పిల్లోళ్ళు ఉండారు. నీ కాళ్ళు మొక్కుతా, పో," అన్నాడు. దూరం నుంచే వంగి మొక్కాడు కూడా.

కూర్చోలేని మనిషిని మోటారు బండి మీద జాకబ్‌కు, నాకు మధ్యలో పట్టుకుని కళ్యాణదుర్గం ఆసుపత్రికి చేర్చాం. ఆడబిడ్డ. ఏడవలేదు.

నిన్న సాయంత్రం నాయన అందరినీ కూర్చోబెట్టి, "నేను పోయి కొడతా," అన్నాడు.

జాకబ్ లేచాడు. "బిడ్డను పోగొట్టినోళ్ళ ముందర కొడ్తావా మామా?"

గోడవైపు తిరిగి పడుకున్న కృప అంది: "కొట్టనీలే. ఇంగొక బిడ్డను పూడ్చేదానికి నా చేత కాదు."

జాకబ్ కూర్చున్నాడు. ప్రార్థన చేయమని నాయన నన్నడిగాడు. కళ్ళు మూసుకుని ప్రభువా అన్నాను, అంతే, లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

తర్వాత నాయన శ్రీరంగప్ప వాకిట్లో నిలబడి, కొడతానని చెప్పి వచ్చాడు. శుక్రవారం జాతర. నువ్వు రావద్దని కూడా అందరం అనుకున్నాం. వస్తే గట్టిగా నిలబడమంటావు. నిలబడగలిగిన వాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన పెద్దక్క,
ఎస్తేరు