నాలుగో ముడి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. బాల్కనీలో మీ అమ్మ మొక్కలు కూడా, రెండు తప్ప. అక్కడ నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో అయితే మాట దాటేస్తానని, అన్నీ కాగితం మీద పెట్టమన్నావు. పెడుతున్నాను.

మోకాళ్ళ గురించి అడిగావు. ఎక్కడానికి డాక్టరు అభ్యంతరం చెప్పలేదు. దిగేటప్పుడే జాగ్రత్త, రెండు చేతికర్రలు ఉండాలన్నాడు. కొత్త బూట్లు మెత్తబడాలని, సంచిలో ఆరు కిలోల పుస్తకాలు వేసుకుని రోజూ పొద్దున మన ఐదంతస్తులూ ఎక్కి దిగుతున్నాను. మూడో అంతస్తు దర్జీ నాలుగు రోజులు చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు: "ఇల్లు ఖాళీ చేస్తున్నారా మాస్టారూ, విడతలవారీగా?"

బాట మొత్తం నడవాలంటే నలభై రోజులు. నేను అనుకుంటున్నది నడుమ ఉన్న కొండల భాగం ఒక్కటే. ఆరు పగళ్ళు, ఐదు రాత్రులు. రాత్రికొక బస ఉంది. రెండో రోజు ఒక వాగు దాటాలి. వానలు తగ్గాక మోకాలి లోతుకు మించదట.

ఉన్నట్టుండి కొండల మీద ఈ ధ్యాసేమిటన్నావు. మీ అమ్మ దారం వల్ల.

పోయిన నెల ఆమె కుట్టుపెట్టె సర్దుతుంటే అడుగున ఆ కొండల మ్యాపు కనిపించింది. మడతలో మూడు మూరల ఎర్ర దారం. గుర్తుందా, మ్యాపు మీద బాట వంపులన్నిటి వెంటా దారం పరిచి, ఏ రాత్రి ఎక్కడ ఆగాలో అక్కడ ముడి వేసేది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి కదా, దారానికి ఎత్తులు ఏం తెలుస్తాయని నవ్వేవాణ్ణి. ఇప్పుడు పరిచి చూశాను. నిటారుగా ఎక్కేచోట ముడులు దగ్గరగా ఉన్నాయి, చదునులో ఎడంగా. ఎత్తులు ఆమెకు తెలుసు.

వింత ఏమిటంటే, బసలు ఐదు, ముడులు ఆరు. నాలుగోది ఏ బస దగ్గరా లేదు. భూతద్దం పెట్టి చూసినా అక్కడ నీళ్ళ గుర్తయినా కనబడలేదు. వారం రోజులు అదే ఆలోచన. చివరికి దానికి ముందున్న మూడో బస నడిపే పెద్దాయనకు ఫోన్ చేశాను.

అక్కడ బాటను ఒక మట్టిరోడ్డు కలుస్తుందట. రోజూ మధ్యాహ్నం కలప లారీ ఒకటి కిందికి వెళ్తుంది. అంతకు మించి ఏమీ లేదు. మూడేళ్ళ కిందట ఒకావిడ కూడా సరిగ్గా ఆ చోటు గురించే అడిగారన్నాడు. మా ఆయన మోకాళ్ళు మొరాయిస్తే దించడానికి దారి ఉందా అని. మీరూ దిగిపోతారా అని తను అడిగితే, ఆమె ఇచ్చిన జవాబు నాకు అప్పగించాడు.

"ఆయన దిగుతారు. నేను మిగతాది నడిచొచ్చి, ఎలా ఉందో ఆయనకు చెప్తాను."

ఆ నెలంతా పడకలు ఖాళీయేనని ఆమెకు చెప్పాడట. వస్తారని చూశాడట.

నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఇది. మన ఇంట్లో బసలు మాట్లాడే పని నాది. ఆ ఏడు నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. మీ అమ్మ ముందు నడుస్తుంటే వెనక రొప్పుతూ రావడం నామోషీ అనిపించింది. అన్నీ నిండిపోయాయని చెప్పాను. ఆమె "అలాగా" అని మ్యాపు మడిచింది. మరుసటి ఏడు ఆస్పత్రి. ఖాళీలున్నాయని తెలిసి కూడా ఆ "అలాగా" తప్ప ఇంకో మాట అనలేదు. ఆస్పత్రిలో అన్ని రోజులున్నా అనలేదు.

నువ్వూ వస్తానని రాశావు. ఇది చదివాక నిర్ణయించుకో. పడకలు ఒకటా రెండా అని పెద్దాయన అడిగాడు. మా అమ్మాయి ఉత్తరం రానివ్వండి అన్నాను.

పడక ఒకటే అయినా వెళ్తాను. ఆ మట్టిరోడ్డు దాటాక చెట్లుండవట, పొద్దున్నే మబ్బులు కాళ్ళ కిందుగా పోతాయట. చూడాలని ఉంది. నాలుగో ముడి దగ్గర దిగను. మిగతాది నడిచొచ్చి, ఎలా ఉందో నీకు రాస్తాను.

ఇట్లు,
ఇంకా మెట్లెక్కుతున్న
మీ నాన్న